ఆగిన ఆట... ఆగని అమ్మకం

సంక్రాంతికి రాజమండ్రిలో అన్నయ్యవాళ్లింటికి వెళ్లాం. భోగినాటి సాయంత్రం పెద్దవాళ్లంతా వాకిట్లో కబుర్లలో ఉంటే, ఇంటర్ చదువుతున్న అన్నయ్య కొడుకు నా చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి లాక్కెళ్లాడు. ‘బాబాయ్, నీకొకటి చూపిస్తా’ అంటూ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. తెరమీద సముద్రం, చిన్న రేవు, ఓ చెక్క పడవ. ఆ పడవని వాడే కట్టుకున్నాడట, చెక్క చెక్కా ఏరి మేకులు కొట్టి. దాన్ని నడుపుకుంటూ వెళ్లి ఓ దీవి ఒడ్డున దిగాడు. దీవి మీద లైట్‌హౌస్. గబగబా మెట్లెక్కి తలుపు ముందు ఆగాడు. తలుపు తెరుచుకోలేదు. దగ్గరికి జరిగి చూస్తే అది తలుపే కాదు, గోడమీద వేసిన బొమ్మ. పక్కన చిన్న పలకమీద ఇంగ్లిషులో ‘త్వరలో’ అని రాసుంది.

‘ఎప్పుడు తెరుస్తార్రా?’ అనడిగాను.

‘రెండేళ్ల నుంచీ ఇంతే బాబాయ్. మొదట్లో నెలకోసారి ఏదో ఒకటి కొత్తగా కలిపేవాళ్లు. తర్వాత మానేశారు. ఎన్ని మెసేజ్‌లు పెట్టినా పలకట్లేదు.’

పుట్టినరోజుకి తాతయ్య ఇచ్చిన డబ్బుకి తను దాచుకున్నది కలిపి, 1,100 రూపాయలు పెట్టి కొన్నాడట ఆ గేముని. డబ్బు పోయిందని వాడు పెద్దగా బాధపడలేదు. వాడి కోపమల్లా వేరే. ఆ గేము అమ్మే ఆన్‌లైన్ దుకాణం పేజీ తెరిచి చూపించాడు. లైట్‌హౌస్ లోపలి గదులు, తుపాను, తిమింగలం... అన్నీ ‘రాబోయే విశేషాలు’ కింద కళకళలాడుతున్నాయి. పక్కనే ధర. దాని పక్కనే కొనమంటూ ఆకుపచ్చ బటన్.

‘ఇవాళ కొనేవాడికి ఆ తలుపు సంగతి ఎవరు చెప్తారు బాబాయ్?’ అన్నాడు.

పండగ అయిపోయి హైదరాబాద్ వచ్చేశాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

మన దగ్గర ఆన్‌లైన్ గేమ్ అనగానే పెద్దవాళ్లకి రమ్మీ, బెట్టింగే గుర్తొస్తాయి. డబ్బు ఒడ్డి ఆడే అలాంటి వాటిని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం కూడా చేసింది. ఇది ఆ సంగతి కాదు. పుస్తకం కొన్నట్టు ఒకసారి డబ్బు కట్టి కొనుక్కుని, తీరిక ఉన్నప్పుడు ఆడుకునే వీడియో గేముల సంగతి. కథ, సంగీతం, చిత్రకళ, ఇంజినీరింగు కలిసిన పెద్ద కళ అది. మన పిల్లలు కొన్ని గేములను మనం సినిమాలను ప్రేమించినంతగా ప్రేమిస్తున్నారు. అందుకే వాటి అమ్మకాల్లో జరిగే అన్యాయాన్ని పిల్లల గొడవలే అని కొట్టిపారేయకూడదు.

సగం వంట వడ్డించే పద్ధతి

పీసీ గేముల దుకాణాల్లోకెల్లా పెద్దది స్టీమ్. వాల్వ్ అనే అమెరికన్ కంపెనీ దాన్ని నడుపుతోంది. 2013 మార్చిలో అక్కడ ‘ఎర్లీ యాక్సెస్’ అనే పద్ధతి మొదలైంది. గేము ఇంకా తయారవుతుండగానే అమ్మకానికి పెడతారు. కొన్నవాళ్లు ఆడి చూసి లోపాలు చెబుతారు. వచ్చిన డబ్బుతో, ఆ సలహాలతో తయారీదారు గేముని పూర్తి చేస్తాడు. మిగతా భాగాలు తయారయ్యేకొద్దీ కొన్నవాళ్లకి అదనపు ఖర్చు లేకుండా అందుతుంటాయి.

ఈ పద్ధతి చెడ్డదని నేననను. దీనివల్ల పుట్టిన మంచి గేములు చాలానే ఉన్నాయి. అసలు స్టీమ్‌కన్నా ముందే, 2009లో, మైన్‌క్రాఫ్ట్‌ని దాని సృష్టికర్త ఇలాగే సగంలో ఉండగా అమ్మడం మొదలుపెట్టాడు. పూర్తి గేము 2011 నవంబరులో వచ్చింది. ఇవాళ దాని పేరు తెలియని పిల్లలు అరుదు. ‘బాల్డర్స్ గేట్ 3’ 2020 అక్టోబరు నుంచి దాదాపు మూడేళ్లు ఎర్లీ యాక్సెస్‌లోనే ఉంది. 2023 ఆగస్టులో పూర్తయ్యి, ఆ ఏటి ఉత్తమ గేముగా అవార్డులు కొల్లగొట్టింది. చేతిలో డబ్బు లేని ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు, ఏ పెద్ద కంపెనీ గుమ్మం ఎక్కకుండా, తమ ఊహకి రూపం ఇవ్వగలుగుతున్నారంటే ఈ దారి వల్లే.

కాబట్టి పూర్తికాని గేము అమ్మడంలో తప్పులేదు. ఇక పూర్తి కాదని తేలిపోయాక కూడా ‘పూర్తవుతోంది’ అన్న పేరుతో అమ్మడమే తప్పు.

కెర్బల్ కథ

ఈ మాట బాగా అర్థం కావాలంటే ఒక గేము చరిత్ర చెప్పాలి. దాని పేరు కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. కెర్బల్స్ అంటే పెద్ద కళ్ల బుల్లి ఆకుపచ్చ జీవులు. వాళ్ల కోసం మనం రాకెట్ కట్టాలి. ట్యాంకులు, ఇంజిన్లు ఒక్కొక్కటే బిగించి, ప్రయోగ వేదిక మీద నిలబెట్టి, మీట నొక్కాలి. భౌతికశాస్త్ర సూత్రాలు దాదాపు నిజంలాగే పనిచేస్తాయి. బరువు ఒకవైపు ఎక్కువైతే రాకెట్ పల్టీ కొడుతుంది. ఇంధనం చాలకపోతే కక్ష్య దాకా వెళ్లి వెనక్కి పడిపోతుంది. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచినప్పుడల్లా స్టేజీలు విడిపోవడం మనం టీవీలో చూస్తుంటాం కదా... ఆ స్టేజీని ఏ క్షణాన వదలాలో ఇక్కడ పిల్లాడే తేల్చుకోవాలి. తరగతి గదిలో బుర్రకెక్కని కక్ష్యల లెక్క, నాలుగు రాకెట్లు కూలాక దానంతటదే ఎక్కుతుంది.

మెక్సికో సిటీలోని స్క్వాడ్ అనే చిన్న సంస్థలో పుట్టిందీ గేము. 2011లో మొదటి రూపాన్ని జనానికిచ్చారు. అప్పటికి దాంట్లో ఎగరేయడానికి రాకెట్ తప్ప చేరుకోవడానికి చందమామ కూడా లేదు. కొన్నవాళ్ల కళ్లముందే చందమామ వచ్చింది, గ్రహాలొచ్చాయి. 2014లో నాసాతో కలిసి గ్రహశకలాలను పట్టుకునే భాగాన్ని చేర్చారు. 2015 ఏప్రిల్‌లో గేము పూర్తయింది. ఎర్లీ యాక్సెస్ ఎలా ఉండాలో చెప్పమంటే చాలామంది ఇప్పటికీ ఈ గేమునే చూపిస్తారు.

ఆ నమ్మకం మీదే రెండోభాగం వచ్చింది. అప్పటికి పేరు మీద హక్కులు టేక్-టూ అనే అమెరికన్ కంపెనీ చేతికి వెళ్లాయి. దాని అనుబంధ సంస్థ ప్రైవేట్ డివిజన్ 2019 ఆగస్టులో కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2ను ప్రకటించింది. 2020లో విడుదలన్నారు. వాయిదా పడింది. మధ్యలో తయారుచేసే స్టూడియో మారింది. మళ్లీ వాయిదాలు. చివరికి 2023 ఫిబ్రవరి 24న ఎర్లీ యాక్సెస్‌గా వచ్చింది. ధర 49.99 డాలర్లు. ఆనాటి మారకం లెక్కన మన డబ్బులో 4,000 రూపాయల పైమాటే. సగం కట్టిన గేముకి అది నిండు ధరే.

దాంతోపాటు ఓ రోడ్‌మ్యాప్ ఇచ్చారు. ముందు శాస్త్ర పరిశోధనలు వస్తాయి. తర్వాత ఇతర గ్రహాల మీద కాలనీలు. ఆ తర్వాత వేరే నక్షత్ర మండలాలకు ప్రయాణాలు. వనరుల అన్వేషణ. ఆఖరున స్నేహితులతో కలిసి ఆడుకునే సదుపాయం. మొదటి గేము ఆడిన పిల్లలు అప్పటికి పెద్దవాళ్లై ఉద్యోగాల్లో చేరారు. ఇంకో నక్షత్రం దాకా తమ రాకెట్ వెళ్తుందన్న ఆశతోనే చాలామంది కొన్నారు. వాళ్ల చేతికొచ్చింది లోపాల పుట్ట. ఖరీదైన కంప్యూటర్ల మీద కూడా నత్తనడకన నడిచేది. అయినా ఓపిక పట్టారు. 2023 డిసెంబరులో శాస్త్ర పరిశోధనల భాగం వచ్చింది. అదొక్కటే వచ్చింది.

2024 వసంతంలో, సియాటెల్‌లో 70 మందిని తొలగించబోతున్నట్టు టేక్-టూ వాషింగ్టన్ రాష్ట్ర ప్రభుత్వానికి నోటీసిచ్చింది. గేము తయారుచేసే ఇంటర్‌సెప్ట్ గేమ్స్ ఉన్నది అక్కడే. జూన్‌లో ఒక చిన్న అప్‌డేట్ వచ్చింది. ఇక అంతే. నవంబరుకల్లా ప్రైవేట్ డివిజన్‌నే అమ్మేసినట్టు టేక్-టూ ప్రకటించింది. స్టూడియో ఖాళీ, పబ్లిషర్ చేతులు మారింది. స్టీమ్‌లో పేజీ మాత్రం చెక్కుచెదరలేదు. 2025 ఆరంభంలో కూడా అదే 49.99 డాలర్లకు, ‘తయారీలో ఉంది’ అన్న పేరుతోనే, కాలనీలూ నక్షత్రయానాలూ వస్తాయన్న పాత మాటలతోనే అది అమ్మకంలో ఉంది.

తయారుచేసేవాళ్లు పని ఆపారనో, దివాలా తీశారనో నేను తప్పుపట్టను. కళలో ఓటమి సహజం. కానీ బల్ల దగ్గర పనిచేసేవాళ్లు లేరని తెలిసీ, వాళ్ల పని పేరు చెప్పి కొత్తవాడి దగ్గర డబ్బు తీసుకోవడం వ్యాపారం కాదు. దానికి తెలుగులో మోసం అనే పేరుంది.

దుకాణానికి తెలియదా?

ఇలాంటప్పుడు దుకాణాలు చెప్పే మాట ఒకటే: మేం అమ్మేవాళ్లం మాత్రమే, తయారీ సంగతి తయారీదారు చూసుకోవాలి అని. గేము ఇప్పుడున్న స్థితిలో నచ్చితేనే కొనండి, ఇకముందు మారవచ్చు, మారకపోవచ్చు అన్న హెచ్చరిక ఎర్లీ యాక్సెస్ పేజీల్లో ఎప్పట్నుంచో ఉంది. చదివి కొన్నారు కాబట్టి మా బాధ్యత తీరిందంటారు.

ఆ వాదన 2013లో చెల్లేదేమో. ఇప్పుడు చెల్లదు. ఎందుకంటే 2025 ఫిబ్రవరిలో స్టీమ్ ఒక మార్పు చేసింది. చాలాకాలంగా అప్‌డేట్ రాని ఎర్లీ యాక్సెస్ గేముల పేజీల్లో, చివరి అప్‌డేట్ వచ్చి ఇన్ని నెలలైంది, తయారీదారు చెప్పిన వివరాలూ గడువులూ ఇప్పుడు వర్తించకపోవచ్చు అని ఓ గమనిక పెడుతోంది. మంచి పనే, మెచ్చుకోవాలి. అయితే ఆ గమనిక ఇంకో సంగతిని కూడా బయటపెట్టింది. ఏ గేము మీద ఎన్నాళ్ల నుంచి పని జరగడం లేదో దుకాణానికి నెలలతో సహా తెలుసు. తెలిసి చీటీ అంటించగలిగిన చెయ్యి, గల్లాపెట్టె కూడా మూయగలదు. కిరాణా కొట్టులో గడువు దాటిన పాలపొడి డబ్బా మీద ‘గడువు దాటి 14 నెలలైంది’ అని చీటీ రాసి, అదే ధరకు అరలో ఉంచితే మనం ఒప్పుకుంటామా?

పైగా ఈ దుకాణం వట్టి మధ్యవర్తి కాదు. ప్రతి అమ్మకంలో మామూలుగా 30 శాతం స్టీమ్‌దే. గేము అమ్మకాలు కోటి డాలర్లు దాటాక 25 శాతం, 5 కోట్లు దాటాక 20 శాతం తీసుకుంటుంది. ఆగిపోయిన గేముని ఇవాళ ఎవరైనా కొంటే అందులోనూ వాటా వస్తుంది. వాటా ఉన్నచోట బాధ్యతా ఉండాలి.

అమ్మకం ఆపడం దుకాణాలకు చేతకాదనీ అనుకోనక్కర్లేదు. 2014 మేలో ‘ఎర్త్: ఇయర్ 2066’ అనే గేము వాగ్దానాలకూ వాస్తవానికీ పొంతన లేదని గోల లేస్తే, స్టీమ్ దాన్ని తీసేసి డబ్బు వాపసిచ్చింది. 2023 డిసెంబరులో ‘ద డే బిఫోర్’ సంగతి మరీ ఘోరం. ఏడో తేదీన విడుదలైంది, పదకొండో తేదీకి స్టూడియో బోర్డు తిప్పేసింది. గొడవ గట్టిగా జరిగింది కాబట్టి అమ్మకం ఆగింది. ఎన్ని గంటలు ఆడారన్న లెక్క చూడకుండా కొన్నవాళ్లకి డబ్బు వెనక్కొచ్చింది. అంటే లక్షల మంది అరిస్తే న్యాయం జరుగుతోంది. మావాడు కొన్న పడవ గేము లాంటివి చప్పుడు లేకుండా ఆగిపోతాయి. వాటి గురించి అరిచే గుంపు ఉండదు. రిఫండ్ అడుగుదామంటే, కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు అయితేనే అన్నది స్టీమ్ 2015 జూన్‌లో తెచ్చిన నియమం. గేము ఆగిపోయిందని తెలిసేసరికి ఏడాదో రెండేళ్లో గడిచిపోతాయి.

ఒంటరి తయారీదారు మాటేమిటి?

ఇక్కడ ఓ న్యాయమైన అభ్యంతరం ఉంది. దాన్ని దాటేసి పోవడం నాకిష్టం లేదు. చాలా గేములు ఒక్కరో ఇద్దరో చేసేవి. జబ్బు చేస్తుంది, ఇంట్లో పసిబిడ్డ పుడుతుంది, పూట గడవక వేరే ఉద్యోగంలో చేరతారు. ఏడాది చప్పుడు లేనంతమాత్రాన గేము చచ్చిపోయిందని తీర్పివ్వొచ్చా? ‘ప్రాజెక్ట్ జాంబాయిడ్’ అనే గేము 2013 నుంచి స్టీమ్ ఎర్లీ యాక్సెస్‌లో ఉంది. 2021 డిసెంబరులో ఒక పెద్ద అప్‌డేట్ ఇచ్చి, తర్వాతి పెద్దదానికి మూడేళ్లు తీసుకున్నారు. నెలలు లెక్కపెట్టి తీసిపారేసే నియమం ఉంటే అలాంటి మంచి గేము కూడా ప్రమాదంలో పడేది. కానీ ఆ మూడేళ్లూ వాళ్లు మౌనంగా లేరు. ఏం చేస్తున్నారో, ఎక్కడ చిక్కుపడ్డారో ఆడేవాళ్లకి రాస్తూనే ఉన్నారు.

కాబట్టి చూడాల్సింది నెలల్ని కాదు, మౌనాన్ని. ఏడాది అప్‌డేట్ లేకపోతే దుకాణమే తయారీదారుకి ఉత్తరం రాయాలి. పని నడుస్తోందని జవాబిస్తే ఆ మాటను తేదీతో సహా పేజీలో పెట్టాలి. రెండు నెలలైనా జవాబు రాకపోతే, లేదా పని మానేశామని చెబితే, ఆ రోజే అమ్మకం ఆపాలి. అప్పటికే కొన్నవాళ్ల దగ్గర గేము ఉండనివ్వాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు డౌన్‌లోడ్ చేసుకోనివ్వాలి. పని ఆగిన తేదీ తర్వాత కొన్నవాళ్లకి గంటల లెక్క చూడకుండా డబ్బు తిరిగివ్వాలి.

అయితే ఆగిపోయిన ప్రతి గేమునీ కంటికి కనబడకుండా చెయ్యమని నేననను. అసంపూర్ణమైనదానికీ విలువ ఉంటుంది. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం కొన్ని సంపుటాల దగ్గరే ఆగింది. 1923లో ఆయన కన్నుమూశారు. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు ఆ పనిని తలకెత్తుకున్నారు. అది అసంపూర్ణమని ఆ సంపుటాలను ఎవరూ చెత్తబుట్టలో వెయ్యలేదు. అలాగే, ‘ఇక్కడితో ఆగింది, ఇందులో ఉన్నది ఇంతే’ అని చెప్పి, రాబోయే విశేషాల జాబితా తీసేసి, ఉన్నదానికి తగ్గ ధర పెట్టి అమ్మితే నాకు అభ్యంతరం లేదు. ఉచితంగా ఇస్తే మరీ మంచిది. డబుల్ ఫైన్ అనే పేరున్న స్టూడియో ‘స్పేస్‌బేస్ డీఎఫ్-9’ని 2013 అక్టోబరులో ఎర్లీ యాక్సెస్‌కి పెట్టి, ఖర్చులు గిట్టుబాటు కాక ఏడాదికే ఆపేసింది. చెప్పిన వాటిలో చాలావాటిని వదిలేసి, ఉన్నదాన్నే పూర్తి గేముగా ప్రకటించడం కొన్నవాళ్లని నొప్పించింది. కానీ ఆపేస్తున్నామని బయటికి చెప్పింది, గేము నడిపే కోడ్‌ని అభిమానుల చేతికిచ్చింది. వాళ్లు సొంతంగా మరమ్మతులు చేసుకున్నారు. పారిపోయినవాళ్లకీ వీళ్లకీ తేడా అదే.

మనకి తెలిసిన కథే

ఈ బాధ తెలుగువాళ్లకి కొత్తగా చెప్పాలా? ప్రీలాంచ్ ఆఫర్ అనగానే అప్పుచేసి డబ్బు కట్టి, పునాది గుంతలో వాననీళ్లు చూసుకుంటూ ఏళ్లు గడిపిన కుటుంబాలు హైదరాబాద్ చుట్టూ ఎన్నో. బ్రోచర్లో స్విమ్మింగ్‌పూల్, క్లబ్‌హౌస్. సైటులో తుప్పుపట్టిన ఇనుప చువ్వలు. అలాంటి గోడు విని విని చివరికి 2016లో పార్లమెంటు రెరా చట్టం చేసింది. కొన్నవాళ్లిచ్చిన డబ్బులో 70 శాతాన్ని ఆ ప్రాజెక్టుకే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. చెప్పిన గడువుకి ఇల్లు ఇవ్వకపోతే వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలి. చట్టం వచ్చాక మోసాలు మాయమయ్యాయని కాదు. కట్టని అంతస్తుని అమ్ముకోవడం బిల్డర్ ఇష్టం కాదని దేశం ఒప్పుకుంది.

గేములకీ 70 శాతం నిబంధన పెట్టాలా అని నేను చాలాసేపు ఆలోచించాను. వద్దనిపించింది. ఆ డబ్బుతోనే అద్దె కట్టుకుంటూ గేము చేసే కుర్రాడి నోటిదగ్గర ముద్ద లాక్కున్నట్టవుతుంది. కానీ పని ఆగిపోయిన కట్టడంలో కొత్తగా ఫ్లాట్లు అమ్మకూడదన్నంత చిన్న నియమం గేములకి ఎందుకు ఉండకూడదు?

చట్టం మన చేతిలో బొత్తిగా లేకపోలేదు. వినియోగదారుల రక్షణ చట్టం-2019 తప్పుదోవ పట్టించే ప్రకటనల్నీ, అనుచిత వ్యాపార పద్ధతుల్నీ ప్రశ్నించే హక్కునిచ్చింది. ఫిర్యాదు మనముండే ఊరి పరిధిలోని కమిషన్‌లోనే వేసుకోవచ్చు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు, మన దేశంలో ఆఫీసు లేకపోయినా ఇక్కడివాళ్లకి క్రమం తప్పకుండా అమ్మే విదేశీ దుకాణాలకీ వర్తిస్తాయి. ఆస్ట్రేలియాలో ఇలాంటి పోరాటం గెలిచారు కూడా. రిఫండ్ హక్కుల విషయంలో కొనుగోలుదారుల్ని తప్పుదోవ పట్టించిందని అక్కడి వినియోగదారుల సంస్థ 2014లో వాల్వ్ మీద కోర్టుకెళ్లింది. 2016 డిసెంబరులో కోర్టు 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. మా సర్వర్లు అమెరికాలో ఉన్నాయన్న మాట అక్కడ నిలబడలేదు. మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కూడా ఎర్లీ యాక్సెస్ అమ్మకాల మీద ఓ స్పష్టమైన మార్గదర్శకం ఇవ్వాలి. పిల్లలు యూపీఐతో నిమిషంలో డబ్బు కట్టేస్తున్న రోజుల్లో ఇది ఆలస్యం చేయదగ్గ పని కాదు.

అప్పటిదాకా, ఇంట్లో గేములు కొనే పిల్లలున్న తల్లిదండ్రులకి నాదొక విన్నపం. ‘ఎందుకురా ఆ చెత్త’ అనకండి. కొనేముందు పక్కన కూర్చోండి. ట్రైలర్ చూసి మురిసిపోకుండా, చివరి అప్‌డేట్ ఏ తేదీన వచ్చిందో, ఇటీవల కొన్నవాళ్లు ఏం రాశారో ఇద్దరూ కలిసి చదవండి. కొన్నరోజే ఆ పేజీని, రాబోయే విశేషాల జాబితాతో సహా, స్క్రీన్‌షాట్ తీసి దాచండి. మాట తప్పారనిపిస్తే ముందు దుకాణానికి రాయండి, పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. మా అన్నయ్య కొడుకు ఆ స్క్రీన్‌షాట్లు ముందే తీసి పెట్టుకున్నాడు. ఫిర్యాదు మేమిద్దరం కలిసి రాస్తున్నాం.